పాట తక్కువే.. బండేదీ?

ఈ నెల సంచీలో సగానికి పైగా ఉత్తరాలు ఒకే గొడవ గురించి. అర్జెంట్ లోడ్లు, ఆన్‌లైన్‌లో ట్రాన్స్‌పోర్టర్ల పాటలు. వేలంపాట మనకి కొత్తేం కాదు, బాలాపూర్ లడ్డూ దగ్గర ఏటా చూస్తూనే ఉంటాం, ఒకరి మీద ఒకరు పెంచుకుంటూ పోతారు. ఇక్కడ అదే పాట తిరగబడింది. ఫ్యాక్టరీవాళ్ళు లోడ్ పెడతారు, బండ్లవాళ్ళు ఒకరి కంటే ఒకరు తగ్గించి పాడతారు. నెలంతా పోయే మామూలు లోడ్లకి ఇది బాగానే పనిచేస్తోంది, కాదనను. అర్జెంట్ లోడ్ దగ్గరే తేడా కొడుతోంది. రాసినవాళ్ళ పేర్లు, కంపెనీల పేర్లు తీసేసి వేస్తున్నాం.

సార్, మాది పటాన్‌చెరు దగ్గర ఆటో విడిభాగాల యూనిట్. పుణె దగ్గర చాకన్‌లో ఉన్న ఒక వాహనాల కంపెనీకి బ్రాకెట్లు పంపుతాం. పోయిన నెల ఒకరోజు మధ్యాహ్నం వాళ్ళ నుంచి ఫోన్: మీ లాట్‌లో తేడా ఉంది, రేపు సెకండ్ షిఫ్ట్‌కి కొత్త మాల్ రాకపోతే లైన్ ఆగిపోతుంది అని. సాయంత్రం ఏడింటికి ఆన్‌లైన్‌లో లోడ్ పెట్టాను. ఇరవై నిమిషాల్లో తొమ్మిది పాటలు వచ్చాయి, 19,500 నుంచి 28,000 దాకా. మా రూలు ప్రకారం అందరికంటే తక్కువ పాడినవాడికే ఇవ్వాలి, ఇచ్చాను. పదింటికి బండి గేటు దగ్గరుంటుందన్నాడు. పన్నెండైనా రాలేదు. ఒంటి గంటకి ఫోన్ స్విచాఫ్. చివరికి పాత బ్రోకర్‌ని నిద్రలేపి 34,000కి బండి తెప్పించుకుంటే తెల్లారి నాలుగున్నరకి కదిలింది, మాల్ లేటుగానే చేరింది. ఇక ఆ యాప్ జోలికి పోవద్దంటున్నారు మా ఎండీ గారు. తప్పు నాదా, యాప్‌దా? — డిస్పాచ్ ఇన్‌ఛార్జి

మీదీ కాదు, యాప్‌దీ కాదు, ఆ రూలుది. మీరు ఉత్తరంతో పాటు ఆ తొమ్మిది పాటల ప్రింటు కూడా పంపారు, మంచి పని చేశారు. అందులో నాలుగో వరస మళ్ళీ ఒకసారి చూడండి. 24,500. పక్కన రిమార్కుల గడిలో ఏముంది? "14 అడుగుల కంటైనర్, ముత్తంగి దగ్గర ఖాళీగా ఉంది, డబుల్ డ్రైవర్." ముత్తంగి మీ గేటుకి ఎంత దూరం సార్? ఆ బండి ఎనిమిదింటికల్లా మీ షెడ్డులో ఉండేది. మీరు ఎన్నుకున్న 19,500 పాట పక్కన గడి ఖాళీగా ఉంది, బండి నంబర్ లేదు, ఎక్కడుందో లేదు, ఏమీ లేదు. అతని దగ్గర బండి ఉండి పాడలేదు, పాట గెలిచాక బండి వెతుక్కుందామని పాడాడు, ఆ రేటుకి రాత్రిపూట ఎవరూ దొరక్క ఫోన్ కట్టేసి పడుకున్నాడు.

ఈ పాటలు పాడేవాళ్ళలో మూడు రకాలుంటారు. సొంత బండ్లున్నవాళ్ళు ఒకరు. ఫలానా బండి ఎక్కడుందో ఫోన్‌లో కనుక్కుని ఓనర్‌తో రేటు మాట్లాడుకుని అప్పుడు పాడే బ్రోకర్లు రెండో రకం, వీళ్ళూ నమ్మకస్థులే, బ్రోకర్ అనగానే మొహం తిప్పుకోనక్కర్లేదు. మూడోవాళ్ళు లోడ్ చేతిలో పెట్టుకుని దాన్ని ఇంకొకడికి, వాడు ఇంకొకడికి అమ్ముకునే బాపతు. మామూలు లోడ్‌లో మూడో రకం తగిలినా ఒకరోజు ఆలస్యంతో పోతుంది. అర్జెంట్ లోడ్‌లో తగిలితే మీ రాత్రి పోతుంది.

అందుకని అర్జెంట్ లోడ్ వరకు రూలు మార్పించండి. బండి నంబర్, డ్రైవర్ ఫోన్, బండి ఇప్పుడెక్కడుంది, ఈ మూడూ లేని పాటని లెక్కలోకే తీసుకోకూడదు. నంబర్ రాగానే బండి వివరాలు చూపించే సర్కారు యాప్ ఎం-పరివాహన్‌లో కొట్టి ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ తేదీలు చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. తర్వాత ఆ డ్రైవర్‌కి మీరే నేరుగా ఫోన్ చేయండి. "ఎక్కడున్నావ్ బాబూ, ఏం దించావ్ ఇవాళ?" అని అడిగితే చాలు, నిజంగా ముత్తంగిలో ఉన్నవాడు టక్కున చెబుతాడు, సోలాపూర్‌లో ఉన్నవాడు నసుగుతాడు. నేను ముప్పై ఏళ్ళు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కూర్చున్నాను, ఈ ఒక్క ప్రశ్న తప్పించుకుపోయినవాణ్ణి పెద్దగా చూడలేదు.

ఆ తర్వాత మిగిలిన పాటల్ని డబ్బు వరసలో పెట్టకండి, చాకన్ గేటుకి చేరే టైం వరసలో పెట్టండి. పటాన్‌చెరు నుంచి జహీరాబాద్, సోలాపూర్ మీదుగా మీకు అటూఇటూగా 550 కిలోమీటర్లు. సగటున గంటకి 45 వేసుకున్నా 12 గంటల పైనే, తిండికీ టీకీ కలుపుకుంటే 14. ఎనిమిదింటికి వచ్చిన బండికి తొమ్మిదికల్లా లోడ్ చేసి పంపితే పొద్దున పదకొండుకి అక్కడ. సెకండ్ షిఫ్ట్‌కి ఇంకా టైముంది. నాలుగున్నరకి కదిలిన బండికి సాయంత్రం ఆరున్నర. 5,000 మిగుల్చుకోబోయి 34,000 కట్టారు, అదీ లేటు. పది గంటల్లో చేరుస్తానని ఎవడైనా పాడితే మాత్రం దయచేసి ఇవ్వకండి. సరుకు బండికి నాలుగు వరసల హైవే మీద 80 దాటకూడదని రూలుంది, పైగా ఆ డ్రైవర్ కూడా ఇంటికి పోవాలి.

ఇంకోటి, మీరు లోడ్ ఎలా పెట్టారో కూడా ప్రింటులో ఉంది. "పుణె, 3 టన్నులు, అర్జెంట్." అంతే! ఎన్ని బిన్లు, ఒకదాని మీద ఒకటి పెట్టొచ్చా, మూసిన బండి కావాలా, పట్టా కప్పితే చాలా, ఇన్‌వాయిస్ ఎన్నింటికి చేతికొస్తుంది, అక్కడ గేటు ఎన్నింటికి తెరుస్తారు, దించేదెవరు? ఇవి రాయకపోతే తెలిసినవాడు భయపడి ఎక్కువ పాడతాడు, తెలియనివాడు ధైర్యంగా తక్కువ పాడతాడు.

ఇన్‌వాయిస్ మాట ఎందుకన్నానంటే, బాలానగర్‌లో ఒకసారి నేనే పంపిన బండి కథ చెప్తాను. చాలా అర్జెంట్ అని గంటకి నాలుగు ఫోన్లు చేసి ప్రాణం తీశారు. సాయంత్రం ఆరింటికల్లా బండి గేటు దగ్గర పెట్టాం. లోపల క్వాలిటీవాళ్ళ సంతకం కాలేదు, ఎనిమిదైంది. సంతకం అయ్యాక ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్ భోజనానికి వెళ్ళాడు, తాళం అతని జేబులో. ఇన్‌వాయిస్ చేతికొచ్చేసరికి తొమ్మిదిన్నర. మా డ్రైవర్ అప్పటికే లారీ కింద తువ్వాలు పరుచుకుని ఒక కునుకు తీసి లేచాడు. బండి ఊరు దాటిందో లేదో "ఎక్కడిదాకా వచ్చావ్, ఎక్కడిదాకా వచ్చావ్" అని అరగంటకో ఫోన్. గేటు లోపల పోయిన మూడున్నర గంటల్ని రోడ్డు మీద లాక్కురమ్మంటే ఎలా?

ఎండీ గారికి ఇలా చెప్పండి: యాప్ ఉంచుదాం, అర్జెంట్ లోడ్ మాత్రం ఊరందరికీ కాకుండా మనం ముందే చూసుకున్న పది పన్నెండు మందికే పోవాలి, 15 నిమిషాలే గడువు, చెప్పిన టైముకి బండి గేటు దగ్గర లేకపోతే లోడ్ రెండోవాడికి వెళ్ళిపోతుందని ముందే రాసిపెడదాం. మీ పాత బ్రోకర్‌ని కూడా ఆ పన్నెండు మందిలో కలపండి. అర్ధరాత్రి లేచి బండి పెట్టిన మనిషి ఆయన.

మాది చర్లపల్లిలో ఎలక్ట్రికల్ ప్యానెళ్ళ ఫ్యాక్టరీ. గురుగ్రామ్‌కి అర్జెంట్ లోడ్ ఆన్‌లైన్ పాటలో ఇచ్చాం. నాగ్‌పూర్ దగ్గర బండి చెడిపోతే ట్రాన్స్‌పోర్టర్ మాకు చెప్పకుండా ఇంకో బండిలోకి మార్చాడు. నాగ్‌పూర్ దాటాక చెకింగ్‌లో ఈ-వే బిల్లులో (సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ ఆన్‌లైన్ కాగితం) పాత నంబరే ఉందని పట్టుకున్నారు. 9 లక్షల సరుకుకి 3,24,000 పెనాల్టీ అంటున్నారు. మా తప్పేముంది? — అకౌంట్స్ మేనేజర్

లెక్క సరిగ్గానే వేశారు. 18 శాతం పన్ను 1,62,000, దానికి రెండింతలు. సరుకు ఓనర్ ముందుకొస్తే పన్నుకి 200 శాతం అనేది 2022 జనవరి నుంచి ఉన్న లెక్క.

ఈ-వే బిల్లులో రెండు భాగాలు. పార్ట్-ఎ సరుకు గురించి, పార్ట్-బి బండి గురించి. దారిలో బండి మారితే కొత్త నంబర్‌తో పార్ట్-బి అప్‌డేట్ చేసాకే చక్రం కదలాలి. ఆ పని మీరూ చేయొచ్చు, ట్రాన్స్‌పోర్టరూ చేయొచ్చు, ఫోన్‌లో ఐదు నిమిషాల పని. చాలామంది గడువు గురించే టెన్షన్ పడతారు. 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున మీ 1,550 కిలోమీటర్లకి 8 రోజులొచ్చాయి, అర్జెంట్ బండికి అది ఎప్పటికీ సమస్య కాదు. ఒకవేళ గడువు తీరేలా ఉన్నా తీరడానికి 8 గంటల ముందు నుంచి తీరాక 8 గంటల దాకా పొడిగించుకోవచ్చు. అర్జెంట్ లోడ్‌లో దెబ్బ తగిలేది ఎప్పుడూ బండి నంబర్ దగ్గరే, ఎందుకంటే తొందరలో బండి మారుతుంది, కాగితం మారదు.

నంబర్‌లో ఒకటి రెండు అంకెలు తప్పు పడితే వేరే సంగతి. దానికి 2018 సెప్టెంబర్ సర్క్యులర్ ఉంది, కేంద్రం కింద 500, రాష్ట్రం కింద 500 కట్టించుకుని వదలాలి. మీది పూర్తిగా వేరే బండి కాబట్టి ఆ వెసులుబాటు దొరకదు. బండి చెడిపోయిన ఫొటోలు, మెకానిక్ బిల్లు, రెండు బళ్ళ టోల్ రికార్డు, లారీ రసీదు (ఎల్‌ఆర్) అన్నీ పోగేసి, పన్ను ఎగ్గొట్టే ఉద్దేశం లేదని చూపిస్తూ జవాబివ్వండి. ఆర్డర్ వచ్చేస్తే మూడు నెలల్లో అప్పీలు. ఈ పని మీ జీఎస్టీ కన్సల్టెంట్ చేతుల్లో పెట్టండి, పత్రికలో నా నాలుగు ముక్కలతో ఆగకండి.

ఇకముందు పాట షరతుల్లో ఒక లైను రాయండి: మాకు చెప్పకుండా బండి మార్చకూడదు, మారిస్తే వచ్చే పెనాల్టీ ట్రాన్స్‌పోర్టర్‌దే. ఆ లైను ఉంటే బండి చెడిన మరుక్షణం మీకు ఫోన్ వస్తుంది.

హిమాచల్‌లోని బద్దిలో ఉన్న మందుల ఫ్యాక్టరీకి మేము అమ్మిన మెషీన్ ఆగిపోయింది. 38 కిలోల కంట్రోల్ ప్యానెల్ జీడిమెట్ల నుంచి పంపాలి. విమానంలో పంపితే 38 కిలోలకే కదా చార్జీ? — సర్వీస్ ఇంజినీర్

కాదు. పెట్టె సైజు రాశారు కాబట్టి చెప్పగలుగుతున్నా: 110, 90, 60 సెంటీమీటర్లు. మూడూ గుణించి 6000తో భాగిస్తారు, 99 కిలోలు వస్తుంది. ఏది ఎక్కువైతే దానికే చార్జీ. చుట్టూ అంత థర్మకోల్ అవసరమా, చిన్న చెక్క పెట్టె చేయించి కొలతలు తగ్గించగలరా చూడండి. ప్యానెల్ లోపల లిథియం బ్యాటరీ ఉంటే ముందే డిక్లేర్ చేయాలి. దాచిపెడితే శంషాబాద్‌లో స్కానింగ్ దగ్గరే ఆగిపోతుంది, తొందర పనికి అంతకంటే దండగ లేదు. పాట పెట్టేటప్పుడు "చండీగఢ్ ఎయిర్‌పోర్టు దాకా" అని పెట్టకండి, "బద్ది ఫ్యాక్టరీ గేటు దాకా" అని పెట్టండి. ఎయిర్‌పోర్టులో దిగిన పెట్టె అక్కడే ఒక పూట కూర్చుంటే విమానం ఎక్కించిన లాభమేంటి?

పనిలో పని, ఇదే పెట్టె కర్నూలుకో వరంగల్‌కో అయితే పాట ఊసే వద్దు. ఆర్టీసీ కార్గోలో వేయండి, బస్సు బయల్దేరే టైము మీకు తెలుసు, చేరే టైమూ తెలుసు.

అన్నా, మాది విజయవాడ. 17 అడుగుల బళ్ళు రెండున్నాయి, ఒకటి నేనే తోలతా. ఆన్‌లైన్‌లో చెన్నై లోడ్‌కి నేను 14,000 పాడితే ఎవడో ఏజెంటు 13,500 పాడి ఎగరేసుకుపోతాడు. సాయంత్రం వాడే నాకు ఫోన్ చేసి అదే లోడ్ 12,000కి వేసుకుపొమ్మంటాడు. ఏం చేయాలి?

ముందు ఆ 12,000 లోడ్ వేసుకోవడం ఆపు తమ్ముడూ. 450 కిలోమీటర్లు, నీ బండి లీటరుకి ఆరున్నర ఇస్తుందనుకుందాం, దాదాపు 69 లీటర్లు. లీటరు 97 వేసుకో, 6,700. తిరుగు లోడ్ దొరక్క ఖాళీగా వచ్చావంటే ఇంకో 6,700. డీజిల్‌కే 13,400 అయింది, టోలు, బత్తా, టైర్ల అరుగుదల ఇంకా రాయనేలేదు. కాబట్టి నీ పాట చెన్నైలో తిరుగు లోడ్ ఉందా లేదా అన్నదాని మీద ఉండాలి గానీ ఏజెంటు ఎంత పాడాడన్నదాని మీద కాదు. తిరుగు లోడ్ ఖాయమైన రోజు 13,000 పాడినా నీకు మిగులుతుంది. లేని రోజు 17,000 పాడు, పోతే పోనీ.

రెండో సంగతి, అర్జెంట్ లోడ్లలో నీకు ఏజెంటుకి లేని బలం ఒకటుంది, బండి నీ చేతిలో ఉంది. పాటతో పాటు బండి నంబర్, ఆటోనగర్‌లో నిలబెట్టిన ఫొటో, లొకేషన్, "గంటలో గేటు దగ్గరుంటా" అని పెట్టు. పై ఉత్తరం రాసిన డిస్పాచ్ సార్ లాంటివాళ్ళు ఇకమీదట ఆ గడి చూస్తారని నా ఆశ.

డబ్బుల గురించి నువ్వు అడగలేదు కానీ చెప్తా. చిన్న వ్యాపారాలకి సర్కారు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకో, ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవడికీ వెయ్యి రూపాయలివ్వకు. చిన్న యూనిట్‌గా నమోదైతే కంపెనీవాళ్ళు నీకు రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు ఇవ్వాలి. ఆలస్యం చేస్తే వడ్డీ, పైగా ఆ ఖర్చుని ఆ ఏడాది ఆదాయ పన్ను లెక్కలో చూపించుకోవడానికి వాళ్ళకే ఇబ్బంది. అది చూపించి మర్యాదగా అడుగు. పది బళ్ళ దాకా ఉన్నవాళ్ళు పాన్ ఇచ్చి డిక్లరేషన్ రాసిస్తే బిల్లులో టీడీఎస్ కూడా కోయరు.

అన్నా, మాది ఖమ్మం, డెట్రాయిట్ పక్కన నోవైలో సీట్ల విడిభాగాల కంపెనీలో మెటీరియల్ ప్లానర్‌ని. ఇక్కడ అర్జెంట్ లోడ్ సిస్టమ్‌లో పెడితే పావుగంటలో వ్యాన్లు, ట్రక్కులు, చార్టర్ విమానాలు అన్నిటి రేట్లూ, చేరే టైముతో సహా వచ్చేస్తాయి. మన దగ్గర ఇంత గందరగోళం ఎందుకు?

గందరగోళం అక్కడా ఉంది, మీదాకా రానివ్వకుండా మధ్యలో ఒకరు కూర్చుని రాత్రంతా ఫోన్లు చేస్తుంటారు, ఆ కష్టం మీరు కట్టే రేటులో కలిసి ఉంటుంది. లోడ్ ఒకరు తీసుకుని ఇంకొకరికి అమ్ముకునే జబ్బుకి మీ దగ్గర డబుల్ బ్రోకరింగ్ అని పేరు కూడా ఉంది. ఫ్రైట్ బ్రోకర్ 75,000 డాలర్ల బాండు (పూచీకత్తు) పెట్టాలన్న రూలు ఊరికే రాలేదు.

ఒక తేడా మాత్రం ఒప్పుకోవాలి. అక్కడ చేరే టైము గంటల లెక్కలోంచి పుడుతుంది. పది గంటలు విశ్రాంతి తీసుకున్న ట్రక్కు డ్రైవర్ 14 గంటల వ్యవధిలో 11 గంటలే నడపాలి, బండిలో ఉన్న మెషీనే ఆ లెక్క రాసుకుంటుంది. మెక్సికో సరిహద్దు దగ్గరున్న లారెడో నుంచి మీ డెట్రాయిట్‌కి 1,600 మైళ్ళ పైచిలుకు. గంటకి 55 మైళ్ళు వేసుకుంటే ఒక్క డ్రైవర్ రోజుకి 600 మైళ్ళు, అంటే మూడో రోజు. ఇద్దరు డ్రైవర్లు మార్చి మార్చి నడిపితే ఒకటిన్నర రోజు లోపే. అందుకే ఇద్దరున్న బండి పాట ఎక్కువ, ఆ ఎక్కువ ఎందుకో కాగితం మీద కనిపిస్తుంది. మన దగ్గరా 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టంలోనే రోజుకి 8 గంటలని రాశారు (2025 నవంబర్‌లో ఆ చట్టం పోయి కొత్త లేబర్ కోడ్ వచ్చింది), లారీలో దాన్ని లెక్కపెట్టే మెషీనే లేదు.

మీరు ప్లానర్ కాబట్టి ఒకటి అడుగుతా. రాత్రిపూట మీ అర్జెంట్ డబ్బాలు ఎక్కువగా వేసుకెళ్ళేవి చిన్న కార్గో వ్యాన్లు కదా? 10,001 పౌండ్ల కంటే తక్కువ తరగతి బండ్లకి, ప్రమాదకర సరుకు లేనంతవరకు, ఆ ఫెడరల్ గంటల రూలు వర్తించదు. అందుకే ఒక్క డ్రైవర్‌తోనే ట్రక్కు కంటే ముందు చేరుస్తానని వ్యాను పాడుతుంది. ఆ వ్యాన్ డ్రైవర్ లారెడోలో బయల్దేరేముందు ఎంతసేపు పడుకున్నాడో మీ స్క్రీన్ మీద ఏ గడిలోనూ ఉండదు. ఈసారి అడిగి చూడండి.

బాలానగర్‌లో చిన్న టూల్ రూమ్ నడుపుతున్నాను. 18 లక్షల అచ్చు ఒకటి హోసూరుకి పంపితే దారిలో వాన, చిరిగిన పట్టా, చేరేసరికి తుప్పు. కిరాయి 26,000. మొత్తం డబ్బు ట్రాన్స్‌పోర్టర్ దగ్గర రాబట్టొచ్చా సార్?

కష్టమమ్మా. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద, ఎక్కువ రిస్కు రేటు కట్టి ముందే ఒప్పుకుని ఉంటే తప్ప, ట్రాన్స్‌పోర్టర్ బాధ్యత కిరాయికి పది రెట్ల దాకానే. అంటే మీకు 2,60,000. పాటలో కిరాయి తగ్గించుకున్న కొద్దీ ఈ అంకె కూడా తగ్గుతుందని చాలామందికి తట్టదు, 20,000కి కొట్టుకొచ్చి ఉంటే 2 లక్షలే అయ్యేది. బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, ఈ వారమే పంపండి. దించినప్పుడు డెలివరీ రసీదు (పీఓడీ) మీద "తడిసింది" అని రాయించారా? రాయించి ఉంటే దాని కాపీ జత చేయండి. మిగతాది ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ ఉంటే అందులోంచి రావాలి. తరచూ పంపేవాళ్ళయితే ఏడాది పొడుగునా పంపే లోడ్లన్నిటికీ కలిపి ఒక ఓపెన్ పాలసీ తీసుకోండి. తొందరలో బండి వచ్చింది చాలనుకుని ఎక్కించేస్తాం, ఒక మనిషిని పైకెక్కించి పట్టా విప్పి వెలుతురుకి ఎత్తి చూస్తే చిల్లులు నక్షత్రాల్లా కనిపిస్తాయి.

మా కంపెనీలో నెలకి పది పన్నెండు అర్జెంట్ లోడ్లు. పాటలు పెట్టినప్పటినుంచి ఒక్కో లోడ్ మీద రెండు మూడు వేలు మిగిల్చానని రిపోర్టు ఇస్తున్నాను. మేనేజ్‌మెంట్ పట్టించుకోవట్లేదు. — పర్చేజ్ ఆఫీసర్, శ్రీసిటీ

నేనైనా పట్టించుకోను, కోపం తెచ్చుకోకండి. నెలకి పన్నెండు అర్జెంట్లు అంటే అది అర్జెంట్ కాదు, అలవాటు. ఒక రిజిస్టర్ పెట్టండి, ప్రతి అర్జెంట్ లోడ్ ముందు ఎందుకొచ్చిందో ఒక్క ముక్క: ప్లానింగ్ మరిచారు, మెషీన్ ఆగింది, రిజెక్షన్, కస్టమర్ షెడ్యూల్ మార్చాడు. మూడు నెలలయ్యాక తీసి చూడండి. నేను చూసిన చోట్ల సగం లోడ్లు నెలాఖరు మూడు రోజుల్లోనే ఉండేవి, మొదటి మూడు వారాలు తీరిగ్గా ఉండి చివర్లో అందరూ ఒకేసారి గేటు మీద పడటం వల్ల. ఆ పన్నెండులో నాలుగు తగ్గించిన రిపోర్టు పట్టుకెళ్ళండి, అప్పుడు కుర్చీ వేసి కూర్చోబెడతారు.

హమాలీ ఖర్చు పాటలో కలిసినట్టా, వేరేనా? — ఒక కార్డు, ఊరు పేరు లేదు

లోడ్ పెట్టేటప్పుడు రాస్తే కలిసినట్టు. రాయకపోతే రాత్రి పదకొండింటికి దించే చోట గేటు దగ్గర డ్రైవరూ హమాలీ మేస్త్రీ మీకే ఫోన్ చేస్తారు, స్పీకర్‌లో పెట్టి.